వంటావార్పు దగ్గర మట్టల ఆదివారం

సెమినరీలో చేరిన మొదటి వారంలోనే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. దేవుడి పిలుపు విని ఇల్లు వదిలి రావడం తేలికే. తెల్లవారి అయిదుంబావుకి మోగే గంట విని మంచం వదలడమే కష్టం.

మా లూథరన్ సెమినరీ అప్పట్లో బాచుపల్లి దాటాక ఉండేది. చుట్టూ కొత్త కాలేజీల భవనాలు లేస్తుంటే మాది మాత్రం పెంకుల కప్పు చాపెల్, ఒక వరస గదులు, వెనక వేపచెట్ల కింద మెస్సు. ఆడపిల్లలం ముగ్గురమే. గంట మోగిన పావుగంటకి చాపెల్లో ఉండాలి. నిద్రగొంతులతో కీర్తన ఎత్తుకునేవాళ్ళం. మొదటి చరణం ఎవరికి తోచిన శ్రుతిలో వాళ్ళు పాడి, మూడో చరణానికి అందరం ఒకచోట కలిసేవాళ్ళం. ఆ కలిసే చోటు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. బయట ఇంకా చీకటి విడిచేది కాదు. లోపల ఎవరో ఒకరు ఆవలించేవారు. అయినా ఆ మూడో చరణంలో మాత్రం దేవుడు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నట్టే ఉండేది.

నాది బాపట్ల వైపు. మా తాతగారు మిషను కాలంలో ఊళ్ళో వాక్యమూ అక్షరాలూ నేర్పిన ఉపదేశి. గ్రాంథికంలో ప్రార్థన చేయడం మా ఇంట్లో చదువుకున్నతనానికి గుర్తు. చాపెల్లో ప్రార్థన చేసే వంతు వస్తే ముందురోజే కాగితం మీద రాసుకుని కంఠతా పట్టేదాన్ని. "మహోన్నతుడవును కృపాసంపూర్ణుడవునైన" అని మొదలుపెడితే, వాక్యం చివరికి చేరేసరికి క్రియ ఎక్కడ జారిపోయిందో నాకే తెలిసేది కాదు. తాసిల్దారుకు పెట్టుకునే అర్జీలా ఉండేవి నా ప్రార్థనలు. అందరూ మెచ్చుకునేవారు కాబట్టి నేనూ మెచ్చుకున్నాను.

ప్రసంగం ఎలా చేయాలో నేర్పే మాస్టారు రాజమండ్రి వైపు ఆయన. ఏ కాలంలోనైనా చంకలో గొడుగు, జేబులో ఎర్ర కలం. ఖాళీ చాపెల్లో మమ్మల్ని ఒక్కొక్కరినీ పీఠం ఎక్కించి, తాను చివరి బెంచీలో కూర్చునేవారు. మాట వినబడకపోతే గొడుగు పైకెత్తేవారు. వాక్యంలో తప్పు దొర్లితే గొడుగుతో నేల మీద కొట్టేవారు. నా ప్రసంగాల్లో గొడుగు ఎప్పుడూ కదల్లేదు. అందుకని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

రెండో ఏడు మమ్మల్ని తలా ఒక సంఘానికి ఆదివారం సేవకు పంపారు. నాకు నానక్‌రామ్‌గూడ పడింది. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఏ పూట బస్సు తిరుగుతుందో, ఏ పూట ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. మా సెమినరీలో సగం మంది తెలంగాణ జిల్లాల వాళ్ళు, సగం మంది కోస్తా వాళ్ళం. పొద్దున్న పక్కపక్కనే మోకరించిన వాళ్ళే మధ్యాహ్నం మెస్సులో పప్పు గరిటెలు ఎత్తి వాదించుకునేవారు. సాయంత్రం ప్రార్థనకు మళ్ళీ పక్కపక్కనే.

రెండు బస్సులు మారి, చివర షేర్ ఆటోలో ఇరుక్కుని నానక్‌రామ్‌గూడలో దిగితే తలెత్తి చూసినంత మేరా అద్దాల మేడలు. తల దించితే పాత ఊరి సందు, గోడకి పిడకలు, ఒక డాబా మీద రేకుల గది. ఆ గదే మా చర్చి. మహబూబ్‌నగర్, మెదక్ వైపు నుంచి వచ్చి ఆ మేడల్లో నేలలు తుడిచేవాళ్ళు, గేట్ల దగ్గర కాపలా కాసేవాళ్ళు, కార్లు నడిపేవాళ్ళు, ఇంకా లేస్తున్న మేడలకి ఇటుకలు మోసేవాళ్ళు కలిపి నలభై మంది ఉంటారు. కూకట్‌పల్లి నుంచి మాత్రం ఒక కోస్తా కుటుంబం వచ్చేది. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఆదివారం మా కీబోర్డు వాయించేది ఆయనే.

మొదటి ఆదివారం మెట్ల దగ్గర సెక్యూరిటీ గార్డు ఒకాయన నన్ను చూసి లోపలికి కేకేశాడు.

"పాస్టరమ్మ ఒచ్చింది!" తరవాత నా వెనక్కి తొంగి చూసి, "పాస్టర్ సాబ్ ఎన్కాల ఒస్తున్నడా?" అన్నాడు.

"లేదండి. నేనే."

"నువ్వే అంటే?"

"వాక్యం చెప్పేది నేనేనండి."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "సరే తియ్. మైకు ఖరాబున్నది. జర గట్టిగ చెప్పు."

గట్టిగానే చెప్పాను. పధ్నాలుగు పేజీలు. విశ్వాసం ద్వారా మాత్రమే మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడనేది మా లూథరన్ల మూలపాఠం. దాన్ని మా మాస్టారి గొడుగు కదలనంత పకడ్బందీగా రాసుకుని వెళ్ళాను. నాలుగో పేజీలో ఉండగా ముందు చాప మీద కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది.

"అంటే ఏంది?"

ఆవిడ ఆ సంఘానికి పెద్ద. పదకొండు అంతస్తుల ఆఫీసులో హౌస్‌కీపింగ్ పని. చిన్నాపెద్దా అందరికీ పెద్దమ్మే. ప్రసంగం మధ్యలో ప్రశ్న వేయవచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు. తడబడి వివరించాను.

"గదంటే ఏంది?"

ఇంకొంచెం వివరించాను. ఇంకొన్ని పెద్ద మాటలు వచ్చి పడ్డాయి. పెద్దమ్మ చెయ్యి దించింది.

"అంటే, మనం తప్పు జేసినా దేవుడు మనల్ని ఇంట్ల కెళ్ళి ఎల్లగొట్టడు. మనం మంచోళ్ళమని గాదు, ఆయన మంచోడని. గదేనా?"

"అదేనండి."

"మరి గది చెప్పనీకి ఇంత సేపెందుకు పట్టింది బిడ్డా?"

గదంతా నవ్వింది. గార్డన్న అందరికంటే గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వానుగానీ తిరుగు ఆటోలో ఏడుపొచ్చింది. మా లూథరన్ పిల్లలు బట్టీ పట్టే ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల్లో ఒక్కొక్క దాని కిందా దీని అర్థమేమిటనే ప్రశ్న ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆ ప్రశ్నకు జవాబులు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నదాన్ని. నిజంగా అర్థం కాక ఒక మనిషి అడిగితే మాత్రం జవాబు లేకపోయింది.

పై వారం నుంచి శనివారమే వెళ్ళి పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆవిడకి చదువు రాదు. నేను వాక్యభాగం చదివి వినిపిస్తే, ఆవిడ దాన్ని తన మాటల్లో తిరగచెప్పేది. తప్పిపోయిన గొర్రె కథ ఆవిడ నోట వింటే ఆ గొర్రె ఏ గుట్ట వెనక ఇరుక్కుందో కనపడేది. ఆ తరవాత ప్రార్థన. ఆ ప్రార్థన మొదటిసారి విన్నప్పుడు నేను కళ్ళు తెరిచి చూశాను, ఎవరితో మాట్లాడుతోందా అని.

"దేవా, పొద్దుగాల లేపినవ్, మంచిగ జేసినవ్. మా ఆఫీసుల లిఫ్టు ఖరాబైంది, నీకెరకే. పదకొండంతస్తులు ఎక్కుడు దిగుడు, మోకాళ్ళు నొస్తున్నయ్. లిఫ్టు బాగుజెయ్యి, లేకుంటె మోకాళ్ళన్న బాగుజెయ్యి. ఈ పిల్ల మస్తు చదువుతది గని ఫికర్ ఎక్కువ. జర సూడు."

అంతే. ఆమెన్ కూడా ఎవరికో వీడ్కోలు చెప్పినంత మామూలుగా అనేసి, పొయ్యి దగ్గరికి లేచిపోయింది. సెమినరీకి తిరిగి వచ్చాక నేను ఒంటరిగా మోకరించి ఆ రకంగా ప్రయత్నించాను. "దేవా, నాకు ఇక్కడ భయంగా ఉంది" అన్నాను. తరవాత ఏమనాలో తెలియలేదు. కానీ ఆ ఒక్క వాక్యంలో క్రియ ఎక్కడా జారిపోలేదు.

నెమ్మదిగా నా ప్రసంగం పధ్నాలుగు పేజీల నుంచి మూడుకు దిగింది. అంతా బాగానే ఉందనుకునే వేళకి సంఘంలో పెద్ద లొల్లి వచ్చి పడింది.

ఆదివారం ఆరాధనలో ఎవరైనా లేచి విన్నపాలు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. ఒకసారి గార్డన్న లేచి, "ప్రభువా, మా తెలంగాణ మాకియ్యి" అని ప్రార్థించాడు. చాలామంది ఆమెన్ అన్నారు. వెంటనే కీబోర్డు వెనక నుంచి సాఫ్ట్‌వేర్ ఆయన లేచి, "ప్రభువా, మేమందరం కలిసే ఉండేలా దయచేయండి" అన్నారు. ఆయన భార్య, నేను ఆమెన్ అన్నాం. నేను అన్నది పైకి వినపడకుండా అన్నాను. గార్డన్న మళ్ళీ లేచాడు. "ప్రభువా, కలిసుందామనేటోళ్ళు మా నీళ్ళ సంగతి, మా నౌకర్ల సంగతి సుత సోచాయించేటట్టు చెయ్యి." ఆయన మళ్ళీ లేచారు. "ప్రభువా, ఇక్కడే పుట్టిన మా పిల్లల్ని బయటివాళ్ళనకుండా కాపాడండి."

ఇద్దరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఇద్దరూ దేవుడితోనే మాట్లాడుతున్నారు. ఒకరి మాట ఒకరికి తగులుతోంది. సంఘానికి ఎప్పుడు ఆమెన్ అనాలో తెలియడం లేదు. పీఠం దగ్గర నిలబడ్డ నేను ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పినా బాపట్ల పిల్ల చెప్పినట్టే ఉంటుందని భయం.

చివరికి పెద్దమ్మే లేచింది. "ఇగ ఆపుండ్రి. ఇద్దరు రెండు దిక్కుల ఒక్కపారే గుంజితే దేవుడు పరేషాన్ అయితడు."

నవ్వులు వచ్చాయి గాని వాళ్ళిద్దరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి గార్డన్న మెట్ల దగ్గర అందరినీ పలకరించేవాడు, సాఫ్ట్‌వేర్ ఆయన్ని తప్ప. ఆయన అందరి పాటలకీ వాయించేవారు, గార్డన్న ఎత్తుకున్న పాటకి మాత్రం కీబోర్డు వైరు సర్దుకుంటున్నట్టు నటించేవారు. ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమదినాలు మొదలయ్యాయి, నలభై రోజుల్లో ముప్ఫై గడిచాయి, వాళ్ళు మాత్రం మాట్లాడుకోలేదు.

ఆ సమయంలోనే మాస్టారు, మట్టల ఆదివారం నా ప్రసంగం విని మార్కులు వేయడానికి నానక్‌రామ్‌గూడ వస్తానన్నారు. పెద్దమ్మకు అర్థమయ్యేలా చెబితే గొడుగు నేలకు తగులుతుంది. గొడుగు కదలకుండా చెబితే పెద్దమ్మ చెయ్యెత్తుతుంది. ఎందుకైనా మంచిదని మళ్ళీ పధ్నాలుగు పేజీలు రాశాను.

మట్టల ఆదివారం పొద్దున్నే ఆడవాళ్ళు చెరువు వైపు వెళ్ళి ఈత మట్టలు కోసుకొచ్చారు. యేసు యెరూషలేముకు ఊరేగి వచ్చినప్పుడు జనం మట్టలు పట్టుకున్నట్టే, అవి పట్టుకుని పాడుకుంటూ ఊరి సందుల్లోంచి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి తిరిగి రావడం ఆనవాయితీ. మాస్టారు పదికి వస్తానన్నారు. పదిన్నరైనా రాలేదు. గార్డన్న కూడా రాలేదు. బస్సులు నడవడం లేదని ఎవరో అన్నారు.

"నడువుండ్రి, మట్టలు ఎండుతున్నయ్" అని పెద్దమ్మ ముందు నడిచింది. కాగితాలున్న సంచి పీఠం మీదే వదిలేసి నేనూ ఒక మట్ట పట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఆయన కీబోర్డు వదిలి తబలాకు బదులు ఒక స్టీలు పళ్ళెం తీసుకున్నారు. "హోసన్నా" అని పాడుకుంటూ సందు మలుపు తిరిగేసరికి మెయిన్ రోడ్డు మీద అడ్డంగా షామియానా. మూడు పొయ్యిలు. మూడు పెద్ద గిన్నెలు. రెండు వందల మంది దాకా చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆ రోజు వంటావార్పు. ఉద్యమంలో భాగంగా రోడ్డు మీదే పొయ్యి పెట్టి వండుకుని, రోడ్డు మీదే కూర్చుని తినడం.

మమ్మల్ని చూసి వాళ్ళ పాట ఆగింది. వాళ్ళని చూసి మా పాట ఆగింది. మైకు పట్టుకున్న నడివయసు మనిషి ఒకాయన మా మట్టలకేసి అనుమానంగా చూశాడు. వీధికొక ఉద్యమ సంఘం, దానికో జేఏసీ పేరు ఉన్న రోజులవి.

"ఎవలు మీరు? ఏ జేఏసీ?"

పెద్దమ్మ ఏమాత్రం తొణకలేదు. "మాది ఏసయ్య జేఏసీ."

ఆ రెండు వందల మందీ ఘొల్లున నవ్వారు. మైకాయన కూడా. "అట్లయితే రాండ్రి, కూసోండ్రి. బగారన్నం అయింది."

గిన్నె దగ్గర గరిటె పట్టుకున్న మనిషి తలెత్తాడు. గార్డన్న. మెడలో తువ్వాలు, ముఖమంతా చెమట. చర్చి ఎగ్గొట్టి దొరికిపోయిన వాడిలా చూశాడు.

ఆశ్చర్యం అది కాదు. మూడో వరసలో చాప మీద, తెల్ల చొక్కాతో, పక్కన గొడుగు పెట్టుకుని, విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నారు మా మాస్టారు.

"ఏమ్మా, ఆలస్యంగా వచ్చారే" అన్నారు. గచ్చిబౌలిలో బస్సు ఆగిపోతే అక్కడి నుంచి నడిచి వచ్చారట. ఎండలో పెద్దాయన నడుస్తున్నాడని వీళ్ళు పిలిచి నీళ్ళిచ్చి కూర్చోబెట్టారట. "నాది రాజమండ్రి అని ముందే చెప్పేశాను. అయితే ఆకలి కాదా అన్నారు. గొడుగు పక్కన పెట్టి కూర్చున్నాను."

పెద్దమ్మ మాత్రం కూర్చోకుండా తటపటాయించింది. శ్రమదినాల్లో ఆవిడ సాయంత్రం దాకా ఏమీ తినదు. మాస్టారు సంగతి గ్రహించి గంభీరంగా చెప్పారు. "ఆదివారాలు ఆ నలభై రోజుల్లో లెక్క కాదమ్మా. పూర్వం నుంచీ సంఘాచారం అదే."

"గంత చదువుకున్నాయన చెప్తె ఇనాలె" అని పెద్దమ్మ వెంటనే విస్తరి ముందు కూర్చుంది.

గార్డన్న వడ్డించుకుంటూ వస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ ఆయన నా పక్కనే కూర్చున్నారు. ఆయన దగ్గరికి వచ్చేసరికి గరిటె ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ విస్తరిలోకే చూశారు. గార్డన్న నిండుగా ఒక గరిటె వేశాడు. ఆగాడు. ఇంకో గరిటె వేశాడు.

"చాలండి."

"చాలండి గాదు. తిను."

ఆయన తిన్నారు. రెండు ముద్దలు తిని, మూడో ముద్ద చేతిలో పట్టుకుని తలెత్తారు. "ఇది మీరు వండారా?"

"ఆ. ఏం, ఉప్పెక్కువైందా?"

"ఈ అన్నం ముందే పెట్టి అడిగి ఉంటే, నేను ఆ రోజే రాష్ట్రం ఇచ్చేద్దునండి."

గార్డన్న నవ్వాపుకోవాలని చూశాడు. వల్లకాలేదు. గరిటె గిన్నెలో పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "ఇగో, రేపటి దాక ఆకలి గాకుండ ఎయ్యనా?" అని, ఆయన వద్దంటున్నా మూడో గరిటె వేశాడు. నలభై రోజుల మా ప్రార్థనలు చేయలేని పని మసాలా చేసిందని పెద్దమ్మ తరవాత చాలాసార్లు అంది. నాకు తెలిసి ఆ రెండూ వేరువేరు పనులు కావు.

భోజనాలయ్యాక మైకాయన, "మీ అమ్మగారిని ఏమన్న రెండు ముచ్చట్లు చెప్పుమనుండ్రి" అన్నాడు. నేను మాస్టారి వైపు చూశాను.

"చెప్పమ్మా. నేను వచ్చింది దానికేగా" అన్నారు.

కాగితాలు చర్చిలో ఉన్నాయి. నోరు తెరిస్తే నా యాస తెలిసిపోతుంది. అయినా మైకు తీసుకున్నాను. "మాది బాపట్ల అండి" అన్నాను, ఎలాగూ తెలిసేదే కదా అని. ఒక ముసలాయన "చెప్పు బిడ్డా" అన్నాడు.

యేసు యెరూషలేముకి వెళ్ళేముందు గాడిదపిల్ల కోసం ఇద్దరు శిష్యుల్ని పంపిన కథ చెప్పాను. రాజ్యాధికార స్వరూపమూ ప్రవచన నెరవేర్పూ ఏమీ గుర్తు రాలేదు. పెద్దమ్మ శనివారం పొయ్యి ముందు కూర్చుని చెప్పినట్టే చెప్పాను. ఆ గాడిద మీదే ఒక ఇంటివాడి బతుకు. ఎవరో ఇద్దరు వచ్చి దాన్ని వాకిట్లోంచి విప్పుతుంటే ఆయన ఊరుకుంటాడా? ఏంది, అడగకుండ ఇప్పుతున్నరు అన్నాడు. మా సారుకు జర పనున్నది, మళ్ళ తోలిస్తం అన్నారు వాళ్ళు. ఆయన తాడు వదిలేశాడు.

"అంటే ఏంది?" అంది పెద్దమ్మ అలవాటుగా. జనమంతా నవ్వారు. ఈసారి నాకు జవాబు ఉంది.

"అంటే, తన దగ్గరున్నది ఒక్కటే అయినా, పక్కవాడికి అవసరమంటే నమ్మి ఇచ్చాడు పెద్దమ్మా. అంత పెద్ద ఊరేగింపు అట్లా మొదలైంది. ఆ ఇంటాయన పేరు ఎవరికీ తెలవదు."

చెప్పాల్సింది అయిపోయింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ముసలాయన, "గాడిదను మళ్ళ తోలిచ్చిండ్రా లేదా?" అని అడిగాడు. తోలిచ్చారని చెప్పాను. ఆయన తృప్తిగా తలూపాడు.

తిరిగి వస్తుంటే మాస్టారు గొడుగు తెరిచి ఎండలో పెద్దమ్మకి పట్టారు. తరవాత నాతో అన్నారు. "'ఇప్పుతున్నరు' అన్నావు. ఆ రూపం నేను నేర్పలేదు."

"అవునండి. పెద్దమ్మ నేర్పింది. ఆవిడకి చదువు రాదు, నేను చదివితే విని ఇలాగే తిరగచెబుతుంది."

"ఇన్నేళ్ళుగా ఆ వాక్యభాగం చెబుతున్నాను. ఆ గాడిద గలాయన గురించి ఒక్కసారీ ఆలోచించలేదు." మరి నాలుగడుగులు వేశాక, "ఈ పెద్దమ్మ దగ్గరికి మన మూడో ఏడు వాళ్ళని కూడా పంపితే ఒప్పుకుంటుందా?" అన్నారు.

పెద్దమ్మ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చింది. "పంపుండ్రి. తినొచ్చేటోళ్ళను గాదు, తినేటోళ్ళను పంపుండ్రి."

నిజంగానే పంపారు. ఆ మాస్టారు నాకు వేసిన మార్కులు చెప్పుకోదగ్గవే గాని, మొదటి స్థానం రాలేదు. చేతులు ఎక్కువ ఊపానట.

రాష్ట్రం ఏర్పడేనాటికి నాకు గురుపట్టాభిషేకం అయింది. కృష్ణకు ఇవతల, మా వైపు ఒక సంఘంలో పాస్టరుగా ఉన్నాను. ఆ రోజు పొద్దున్నే పెద్దమ్మకు ఫోన్ చేశాను. అవతల హారన్ల మోత.

"రాష్ట్రమొచ్చింది పెద్దమ్మా" అన్నాను.

"ఒచ్చింది బిడ్డా. నా బస్సే ఇంక రాలే. గంట సేపయింది."

కూకట్‌పల్లి వాళ్ళ గురించి అడిగాను. ఎక్కడికీ పోలేదట. గార్డన్న రాత్రే మిఠాయి డబ్బా పట్టుకుని వాళ్ళింటికి పోయి, ఆయన బాధ పడుతున్నాడేమోనని చూసి, ఇద్దరూ కూర్చుని డబ్బా ఖాళీ చేశారట.

"నువ్వు తిన్నవా?" అంది పెద్దమ్మ. ఇంకా లేదన్నాను. "తినుపో. ఆదివారం ఏం వాక్యం చెప్తున్నవ్? జర చదువు, ఇంటున్న."

నేను బైబిలు తెరిచేలోపల, "ఏ, ఆపయ్యా, ఆపు!" అని కండక్టర్ మీద ఒక కేక వినిపించింది. బస్సు వచ్చినట్టుంది.